తొందర బిళ్ళ, నిదానం బిళ్ళ

మొన్న మధ్యాహ్నం మా మందుల కొట్టుకి ఒక కంపెనీ రిప్రజెంటేటివ్ వచ్చాడు. చోడవరం ఎండలో టై కట్టుకుని తిరిగేవాళ్ళంటే నాకు ముందే జాలి. ఆ జాలికొద్దీ కుర్చీ చూపించాను. కూర్చున్నవాడు ఊరుకోకుండా నున్నటి కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. దాని మీద ఎర్ర గీతతో ఒక కొండ, నీలం గీతతో ఒక కొండ, ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉన్నాయి. పెద్ద కంపెనీ బిళ్ళ మింగినా వీళ్ళ చవక బిళ్ళ మింగినా రక్తంలో మందు ఇలాగే ఎక్కి ఇలాగే దిగుతుందట.

“సేమ్ టు సేమ్ సార్,” అన్నాడు.

నేను కొండల జోలికి పోలేదు. కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో ఉన్న గంటల మీద వేలు పెట్టాను. “శిఖరం ఎప్పుడెక్కింది? ఎర్రదెప్పుడు, నీలందెప్పుడు?”

“అది ఎవరూ అడగరు సార్.”

“అడిగే మనిషి ఒకాయన ఈ స్టూలు మీదే కూర్చునేవారయ్యా. పోయిన వానాకాలంలో పోయారు,” అన్నాను. ఆ టై మనిషి కాగితం మడిచేసి, సంతాపంగా రెండు పెన్నులిచ్చి వెళ్ళిపోయాడు.

ఊళ్ళో ఆయన్ని గడియారం మేస్టారనేవాళ్ళు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవారు కారు. కళ్ళజోడు పెట్టుకుని, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పకపోతే మా ఊళ్ళో ఎవరైనా మేస్టారే. విశాఖపట్నంలో మందుల్ని పరీక్షించే ఒక కంపెనీలో లెక్కలు కట్టే ఉద్యోగం చేసి, మానేసి, మా కొట్టు మీద వాటాలో అద్దెకు దిగారు. భార్యది బుచ్చయ్యపేట. ఆవిడకి పుట్టిల్లు దగ్గరవుతుందని ఇక్కడికి వచ్చారు. దిగిన రోజే అడిగాను, ఏం లెక్కలండీ అవి అని.

“ఒక కంపెనీ ఒక బిళ్ళ కనిపెడతాది బాబూ. కొన్నేళ్ళకి ఇంకోడు అదే మందు చవగ్గా చేస్తాడు. రెండూ ఒకటేనా కాదా? అది తేల్చాలి. ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని కూచోబెట్టి, ఒకసారి ఇది మింగించి, కొన్నాళ్ళు ఆగి అది మింగించి, మధ్య మధ్యలో రక్తం తీస్తారు. మందు మొత్తం ఎంత ఎక్కింది, ఎంత ఎత్తుకి ఎక్కింది, ఎప్పటికి ఎక్కింది. ఈ మూడూ నేను చూసేవాణ్ణి.”

“అయితే మూడూ కలవాలన్నమాట.”

“మొదటి రెండూ కలవాలి. మూడోది...” అని ఆగి, మణికట్టు తిప్పి టైము చూసుకున్నారు. “మూడోది కలవాలని రూలేం లేదు.”

మణికట్టు తిప్పి అని ఎందుకన్నానంటే, ఆయన గడియారం అరచేతి వైపు పెట్టుకునేవారు. టైమెంతయింది మేస్టారూ అంటే తీర్థం పుచ్చుకునేవాడిలా చెయ్యి వెల్లకిలా చాచి చూసేవారు. అదొక స్టైలనుకున్నాను. పట్నంలో ఉద్యోగం వెలగబెట్టినవాళ్ళకి ఏదో ఒక స్టైలుండాలి కదా.

టైము సంగతిలో ఆయనతో మాట్లాడ్డమంత యాతన ఇంకోటి లేదు. రావికమతం ఆటో ఎప్పుడొచ్చిందని ఎవరినో ఎవరో అడుగుతారు. పన్నెండింటికి వచ్చిందని వాడు చెప్తాడు. అక్కడితో అయిపోవాలా వద్దా? స్టూలు మీంచి గొంతు లేచేది.

“అది వచ్చినప్పుడు నువ్వు చూసేవా? నువ్వు చూసినప్పటికి అది వచ్చి ఉందా?”

“వచ్చిందండీ బాబూ, నన్నొగ్గీండి,” అని వాడు పారిపోయేవాడు. కొట్టు నాది కాబట్టి నేను పారిపోయే వీల్లేదు. అందుకని వినీ వినీ నాకే కాస్త బోధపడింది. మనిషి కుళాయి కాదు, ఆపకుండా రక్తం పట్టుకోడానికి. ఒకసారి తీస్తారు, కాసేపాగి ఇంకోసారి తీస్తారు. ఆ రెండింటి మధ్యలో మందు శిఖరమెక్కి దిగిపోతే ఎవడికి తెలుసు? కాగితం మీద పడేది మందు ఎక్కిన టైము కాదు, సూది గుచ్చిన టైము. అలాంటి అంకెల్ని కూడి భాగించి సగటు తీసేవాణ్ణి చూస్తే మేస్టారికి ఒళ్ళు మండేది.

ఒక సాయంత్రం సగటు ఎందుకు పనికిరాదో చూపిస్తానని, కొట్టు ముందు కబుర్లకి చేరిన వాళ్ళందరినీ ఎత్తు వారీగా వరసలో నిలబెట్టారు. ఆ చివర పంచదార ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా రిటైరైన అప్పలనాయుడుగారు, తాడిచెట్టంత మనిషి. “సగటు తీస్తే ఈయనొక్కడే అందర్నీ పైకి లాగేస్తాడు. అందుకని లాక్కండా, నడిమధ్యన ఎవడున్నాడో చూడాలి,” అంటూ వరస వెంట నడిచి, టైలర్ సత్తార్ భాయ్ భుజం మీద చెయ్యేశారు. “ఇదిగో. చోడవరం ఎత్తెంత అని ఎవడైనా అడిగితే ఈయన్ని చూపించండి.”

ఆనాటినుంచి సత్తార్ భాయ్ ఛాతీ ముందుకి పెట్టి నడవడం మొదలెట్టాడు. నాయుడుగారికి మాత్రం కడుపు రగిలింది.

“నాను లెక్కలోకి రానేటి మేస్టారూ?”

“వస్తావు నాయుడూ. కానీ లాగలేవు.”

మా వాళ్ళకి భోంచేశాక ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోవడం తాతల నాటి అలవాటు. దాని మీద కూడా ఆయన యుద్ధం ప్రకటించారు. నేను బిళ్ళ ఇస్తూ ఉంటే ఆయన స్టూలు మీంచి ముందుకి వంగి, “ఇది మింగి ఎడం పక్కకి పడుకోకు. కడుపులోంచి కిందకి దిగడం ఆలస్యమవుతాది, లెక్క పాడైపోతాది,” అనేవారు. రోలుగుంట రైతు ఒకాయన అడగనే అడిగాడు. “నొప్పి నాది కదా బాబూ. లెక్క ఎవులుది?” మేస్టారు ఆ పూటకి స్టూలు వెనక్కి జరుపుకున్నారు. పక్క రోజునుంచి మళ్ళీ అదే పాట.

ఇలా నవ్వుకుంటూ రోజులు గడిచిపోయేవే. ఈలోగా నాకు బుద్ధి పుట్టి చవక మందులు, ముఖ్యంగా నొప్పి బిళ్ళ, తెచ్చి పెట్టాను. ఆటోలెక్కి వచ్చే పల్లెటూరి వాళ్ళకి కాస్త భారం తగ్గుతుందని నా ఆలోచన. పుణ్యానికి పోతే జరిగేదే జరిగింది. ఎదురు మందుల కొట్టాయన “సవక మందు సుద్దముక్క” అని ఒక్క మాట వదిలాడు. ఆ మాట సాయంత్రానికి అన్ని ఊళ్ళూ తిరిగొచ్చింది. జనం బిళ్ళలు తెచ్చి నా మొహాన కొట్టి, అవే డాక్టరు చీటీలు పట్టుకుని రోడ్డు దాటేవారు. సరుకంతా అలమరల్లో ఉండిపోయింది. ఇంకో రెండు మూడు నెలలు ఇలాగే సాగితే కొట్టు తలుపులు వేసుకోవడమే. రాత్రి అన్నం సహించేది కాదు నాకు.

నా తరఫున మాట్లాడే నాథుడు మేస్టారొక్కరే. “ఆ నొప్పి బిళ్ళ లెక్క నా చేత్తోనే కట్టేను. రెండింట్లోనూ ఒంటికెక్కే మందు మొత్తం ఒకటే,” అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు. ఇంత గట్టిగా చెప్పే మనిషి సాయంత్రం మేడెక్కుతూ భార్యకి మాత్రం పెద్ద కంపెనీ బిళ్ళే పట్టుకెళ్ళేవారు. ఆవిడకి ఒంటిపక్క తలనొప్పి. వచ్చిందంటే తలకి గుడ్డ బిగించుకుని చీకటి గదిలో పడుకోవాల్సిందే. నేను చూసీ చూడనట్టు అట్టలోంచి బిళ్ళ తుంపి ఇచ్చేవాణ్ణి. ఉన్న ఒక్క సాక్షితో గొడవెందుకు?

చివరికి నేనే ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. “ఇక్కడే, జనం కళ్ళముందే తేల్చండి మేస్టారూ.”

“అలా మనుషుల మీద పరీక్షలు చేసీకూడదు. దానికి నియమాలున్నాయి,” అన్నారు.

“కొత్తగా మందేం పెట్టం కదా. మోకాళ్ళ నొప్పికి డాక్టరు రాసిన బిళ్ళ ఎలాగూ మింగుతున్నారు. పొట్లం మారుద్దాం, అంతే.”

వద్దు వద్దంటూనే ఆయన కళ్ళు మిలమిలలాడాయి. పెళ్ళి పందిట్లో సన్నాయి వినపడ్డ పాత డోలు విద్వాంసుడిలా అయిపోయారు. సాయంత్రం చేరే మోకాళ్ళ బృందంలో సగం మందికి ఎర్రచుక్క పొట్లం, సగం మందికి నీలంచుక్క పొట్లం. వారం పోయాక అటువాళ్ళకి ఇటుది, ఇటువాళ్ళకి అటుది. ఏది చవకదో ఏది కంపెనీదో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. మింగాక ఎంతసేపటికి నొప్పి తగ్గిందో చెప్పాలి. ఎడం పక్కకి పడుకోకూడదు. అంతే.

రెండు వారాలయ్యాక అంకెలొచ్చాయి. ఎర్రచుక్క ఎంతో నీలంచుక్క అంతే. మొదటి వారం ఎంతో రెండో వారం అంతే. నేను గెంతినంత పని చేసి, పెయింటర్ని పిలిచి కొట్టు ముందు బోర్డు కట్టించాను. ‘మా బిళ్ళా వాళ్ళ బిళ్ళా ఒకటే. మేస్టారు తేల్చారు.’ ఎదురు కొట్టాయన బోర్డు చదవడానికి కళ్ళజోడు తుడుచుకోవడం నా కళ్ళతో చూశాను. ఆ వారం అలమరలో సరుకు కదిలింది.

మేస్టారు మాత్రం మొహం వేలాడేసుకుని కూర్చున్నారు.

“ఏటి మేస్టారూ, గెలిచేం కదా!”

“మనుషులు ఇంత సమానంగా ఉండరు బాబూ. ఒకే మనిషి రెండు రోజులు ఒకేలా ఉండడు. ఎక్కడో ఏదో జరిగింది,” అని సత్తార్ భాయ్‌నీ నాయుడుగారినీ పిలిపించారు. “నిజం చెప్పండి. బిళ్ళ ఎలా వేసుకున్నారు?”

సత్తార్ భాయ్ ఛాతీ ఇంకాస్త ముందుకొచ్చింది. “మేస్టారూ, అందులో ఒకటి మంచిది, ఒకటి సవకది కదా. నాకు మంచిది వచ్చి నాయుడుగారికి సవకది వస్తే బాగుంటాదేటి? రేపు మొకాలు మొకాలు సూసుకోవాలి కదా. అందుకని సెరో సగం ఏసుకున్నాం.”

“సగమా?”

“ఈ బిళ్ళలో సగం, ఆ బిళ్ళలో సగం. మిగతావోళ్ళకి కూడా సెప్పేం. అందరూ జతలు కలిసి పంచుకున్నారు,” అన్నారు నాయుడుగారు. “రెండు వారాలూ అలగే సేసేం. ఎక్కడా పచ్చపాతం లేదు. లెక్క సరిగ్గా వచ్చిందా లేదా?”

మేస్టారు నవ్వడం మొదలెట్టారు. కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. వాళ్ళిద్దరికీ నమస్కారం పెట్టి పంపించేశారు. నాకూ నవ్వొచ్చింది గానీ, ఆ వెంటనే ఆయన నావైపు తిరిగి అన్న మాటతో నా నవ్వు ఎగిరిపోయింది.

“ఆ బోర్డు దింపించెయ్యి బాబూ.”

“దింపడమేటి? ఇప్పుడిప్పుడే నాలుగు బిళ్ళలు అమ్ముడవుతున్నాయి. నా కొట్టు మీద మన్ను పోస్తారేటి మేస్టారూ?”

“అది అబద్ధం.”

నాకు కోపం వస్తే ముందూ వెనకా కనపడదు. “అబద్ధమా? ఒకటే ఒకటే అని ఊరందరికీ చెప్పింది ఎవరు? మరి మీ ఇంటికి కంపెనీ బిళ్ళ ఎందుకు పట్టుకెళ్తన్నారు? నాను చూడ్డం లేదనుకున్నారా?” అని అరిచేశాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు.

ఆయన అరవలేదు. స్టూలు బల్లకి దగ్గరగా జరుపుకున్నారు. “నేనేమన్నాను? మొత్తం ఒకటే అన్నాను. మొత్తం ఒకటే, ఎత్తూ ఒకటే. ఆ లెక్క కట్టినప్పుడు మూడోది కూడా చూసేను. నడిమధ్య మనిషికి చవక బిళ్ళ ఆలస్యంగా ఎక్కింది. అది తప్పు మందేం కాదు. బీపీకో షుగరుకో అయితే ఆ కాస్త తేడా ఎవడికీ పట్టదు. నొప్పితో మూలుగుతూ కూచున్నవాడికి పడతాది. ఆ సంగతి రిపోర్టులో ఒక ముక్క రాసేను. రూలు అడగనిదానికి మనం ఎందుకు జవాబు చెప్పాలయ్యా అన్నాడు మా పైవాడు. ఆ ముక్క కొట్టేసి సంతకం పెట్టేను.”

“మరి అమ్మగారికి?”

“ఇంటికెళ్ళి ఆవిడకి రెండు బిళ్ళలూ పొట్లాల్లో కట్టి ఇచ్చేవాణ్ణి, ఏది ఏదో చెప్పకండా. ఇచ్చినప్పుడల్లా చెప్పేసేది, ఇది ఆలీసం బిళ్ళండీ అని. ఒక్క మనిషి లెక్క లెక్కలోకి రాదే అన్నాను. తలనొప్పి ఒక్క మనిషికే వస్తాది కదండీ అంది.” మణికట్టు తిప్పి గడియారం చూసుకున్నారు. టైము కోసం కాదని నాకు అర్థమైంది. “ఆ సంతకం తరవాత ఉద్యోగం ఒగ్గేసేను. ఇక్కడ కూడా నా పేరు పెట్టి ఆ బోర్డు వేలాడితే, ఎందుకు ఒగ్గేసినట్టు?”

దింపించనని మొండికేశాను. అయితే నేనే చెప్పేస్తానన్నారు ఆయన. మర్నాడు పొద్దున్న, ఆటోలు దిగిన జనంతో కొట్టు కిటకిటలాడుతుంటే, మెట్టెక్కి నిలబడ్డారు. ఎదురు కొట్టాయన గడప దాకా వచ్చి నిలబడ్డాడు.

“అందరూ వినండి. ఆ పరీక్ష చెల్లదు. ఈ రెండు బిళ్ళల్లోనూ మందు మొత్తం ఒకటే. కాకపోతే చవక బిళ్ళ, నడిమధ్య మనిషికి, కంపెనీలో మేం రక్తం తీసిన టైముల్ని బట్టి చూస్తే, గట్టిగా చెప్పలేం గానీ, కొంచెం ఆలస్యంగా శిఖరమెక్కే అవకాశం ఉందని...”

ముందు వరసలో రోలుగుంట ముసలమ్మ ఒకావిడ చెయ్యి అడ్డంగా ఊపింది. “ఉండు బాబూ. అది తొందరగా పని సేస్తాది, ఇది నిదానంగా సేస్తాది. అంతే కదేటి?”

“అంతే కాదమ్మా! నీకు ఇదే తొందరగా పనిచెయ్యొచ్చు. అది నడిమధ్య మనిషి మాట.”

“ఆ మనిషి గొడవ నాకెందుకు? మా ఆటో నిండీసరికి ఎలాగూ మజ్జాన్నం అయిపోతాది. నాకు నిదానం బిళ్ళ ఇయ్యి.”

వెనకనుంచి ఇంకో గొంతు. “నాను పెళ్ళికెళ్ళాలి. తొందర బిళ్ళ నాకు.”

అయిపోయింది. ఆ రోజుతో మా చుట్టుపక్కల మందుల శాస్త్రం స్థిరపడిపోయింది. రాత్రి పడుకునే ముందు వేసుకునేవాళ్ళకి నిదానం బిళ్ళ, బస్సెక్కాల్సినవాళ్ళకి తొందర బిళ్ళ. ఎవరో ఎదురు కొట్టుకి వెళ్ళి నిదానం బిళ్ళ ఉందా అని అడిగితే ఆయన తెల్లమొహం వేశాడు. నా అలమరలు ఖాళీ అయ్యాయి. బోర్డు నేనే దింపేశాను, దాని అవసరం తీరిపోయింది కాబట్టి.

పాపం మేస్టారే దెబ్బతిన్నారు. తన బతుకంతా కట్టుకున్న లెక్క రెండు ముక్కలై ఆటోల్లో తిరుగుతుంటే తట్టుకోలేకపోయారు. బిళ్ళ కొనుక్కుని వెళ్ళేవాళ్ళ వెంటపడి, ఆటో కడ్డీ పట్టుకుని, “నిదానం బిళ్ళ అనకూడదమ్మా” అని బతిమాలేవారు. వాళ్ళు అలాగే బాబూ అనేవారు. “నిజం చెప్పేరు కదా మేస్టారూ, అనుభవించండి,” అని నేను ఏడిపించేవాణ్ణి. ఆయన లేని కోపం తెచ్చుకుని మేడెక్కేసేవారు.

వానాకాలంలో ఒక సాయంత్రం గుండెలో నొప్పన్నారు. అనకాపల్లి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. పక్కన నేనే ఉన్నాను. చివరిదాకా మణికట్టు తిప్పి గడియారం చూసుకుంటూనే ఉన్నారు. “తొందరగా పోనీ” అని నేను డ్రైవరు మీద కేకలేస్తూనే ఉన్నాను.

దినకార్యాలయ్యాక కొన్నాళ్ళకి అమ్మగారు మెట్లు దిగి వచ్చారు. తలకి గుడ్డ బిగించి ఉంది. నేను అడక్కుండానే పెద్ద కంపెనీ అట్ట తీసి బిళ్ళ తుంపబోయాను.

“అది కాదు బాబూ. ఆ నిదానం బిళ్ళ ఇయ్యి.”

“అమ్మగారూ, అది మీకు ఆలస్యమవుతుంది కదా. మేస్టారు ఎప్పుడూ ఇదే పట్టుకెళ్ళేవారు.”

“ఇప్పుడు నాకు తొందరేటుంది?” అన్నారు. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. “ఏ బిళ్ళ ఏదో సూడ్డానికని పొట్లాలు కట్టి ఇచ్చీవోరు కదా. అప్పుడు నా సెయ్యి తీసి ఆయన అరిసేతిలో ఎట్టుకుని, పక్కనే కూసునీవోరు. తగ్గిందా, ఇప్పుడు తగ్గిందా అని అడుగుతా, గడియారం సూసుకునీవోరు. సెయ్యి ఒగ్గకండా టైము కనపడాలని దాన్ని లోపలికి తిప్పి ఎట్టుకోడం అప్పుడే మొదలెట్టేరు. కంపెనీ బిళ్ళ అయితే ఇట్టే తగ్గిపోయీది, లేచి ఎలిపోయీవోరు. ఆ ఆలీసం బిళ్ళ ఏసుకున్న రోజు మాత్రం సానాసేపు కూసునీవోరు.”

నేను ఆ అట్ట లోపల పెట్టేసి, నిదానం బిళ్ళ తుంపి ఇచ్చాను. ఆవిడ దాన్ని కొంగున కట్టుకుని, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కి వెళ్ళారు.

ఎంతసేపటికి తగ్గిందో నేను అడగలేదు.